ఇసుకలో పెట్టిన చేయి

పోయిన నెల మా పెద్దమ్మ రాహేలమ్మ చనిపోయింది. ఆదరణ కూడిక ముగిసి చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక, కడపలో ఆమె ఉన్న రెండు గదుల ఇంట్లో నేనూ మా తమ్ముడి కూతురూ కూర్చుని రేకుపెట్టె సర్దుతున్నాం. చీరల అడుగున ఒక గాజుసీసా దొరికింది. కాలేజీ ల్యాబుల్లో కప్పల్నీ చేపల్నీ మందునీళ్లలో నిలవ ఉంచే రకం సీసా. మూత చుట్టూ మైనం కరిగించి పోసి ఉంది. లోపల సగం దాకా ఇసుక. పైన బూడిద రంగు, అడుగున బొగ్గులాంటి నలుపు. అంటించిన చీటీ మీద మా పెద్దనాయన గుండ్రటి చేతిరాత: "వెనక మూల, అడుగు పొర." పిల్ల మూత తిప్పబోయింది. నేను ఆమె చేతిలోంచి లాక్కున్నాను. "ఏముందత్తా ఇందులో?" అని బిత్తరపోయి అడిగింది. "వాసన" అన్నాను. ఇన్నేళ్ల తర్వాత అది మిగిలి ఉంటుందో లేదో తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఆ మధ్యాహ్నమే పెరట్లో గొయ్యి తీసి సీసాను సీసాగానే పూడ్చేశాను. దాని సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నొచ్చుకునే మనుషులు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

డిగ్రీలో జువాలజీ చదివి, బీఎడ్ ప్రవేశపరీక్షకు తయారవ్వాలని బద్వేలు దగ్గరి మా ఊరి నుంచి వచ్చి, ఆ ఇంట్లో ఏడాదికి పైగా ఉన్నాను. పెద్దమ్మా వాళ్లకు పిల్లల్లేరు. పెద్దనాయన పేరు యోబు. కాలేజీలో జువాలజీ ల్యాబు అటెండరుగా ముప్పై ఏళ్లు చేసి అప్పటికే రిటైరయ్యాడు. ఆ ఇంటిని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది నీలిమందు పెట్టి ఆరేసిన తెల్లచొక్కాల వాసన. పెద్దమ్మ తెల్లవారకముందే లేచి, కొళాయి వచ్చేలోపు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టేది. ప్రార్థన మధ్యలో కొళాయి గరగరమంటే ఆమేన్ తొందరగా వచ్చేసేది. తర్వాత రాగిసంగటి, చెనిక్కాయల ఊరుమిండి పచ్చడి. పెద్దనాయన తినేటప్పుడు మాట్లాడేవాడు కాదు. తిన్నాక సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఒక్కొక్క గోరూ వెలుతురులో పెట్టి చూసుకునేవాడు. ల్యాబు నేర్పిన అలవాటు అది. ఆపైన ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకన తోలుసంచి. ఎక్కడికని ఎవరైనా అడిగితే, ఏదో ప్రైవేటు కాలేజీలో ల్యాబు సర్దిపెట్టడానికి అనేవాడు. సంఘంలో ఆయన పెద్ద. ప్రభురాత్రి భోజనం పంచే ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకునేది ఆయనే. ఆయన మాటను ఎవరూ అనుమానించలేదు.

నిజానికి ఆయన వెళ్లేది వసుంధరమ్మ ఇంటికి. వసుంధరమ్మ అత్తమామలు పెద్దనాయన సొంతూరి రెడ్లు. పెద్దనాయన తండ్రి వాళ్ల దగ్గర జీతగాడు. ఏడాదికింతని ఒప్పుకుని, పగలూ రాత్రీ వాళ్ల చేలోనూ కొట్టంలోనూ పడి ఉన్న మనిషి. ఆ ఇంటి గడప జన్మలో తొక్కనని పెద్దనాయన వయసులో ఉన్నప్పుడే సంఘం ముందు నిలబడి చెప్పాడట. ఆ మాట మా వాళ్లు పిల్లలకు కథలా చెప్పేవాళ్లు. ఆ కుటుంబం తర్వాత కడపలో మేడ కట్టుకుంది. వసుంధరమ్మ భర్త కాంట్రాక్టు పనుల మీద ఎప్పుడూ ఊళ్లు తిరిగేవాడు. ఆయన చెన్నై నుంచి మనుషులను రప్పించి హాల్లో ఒక ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టించాడు. ఆరడుగుల గాజుతొట్టి, అందులో ప్రాణమున్న పగడాలు, వాటి మధ్య చేపలు. పెట్టించి మరిచిపోయాడు. దాన్ని చూసుకునే మనిషి కోసం వసుంధరమ్మ వెతుకుతుంటే, కాలేజీ లెక్చరరు ఒకాయన పెద్దనాయనను పంపాడు. ఒక్కసారి చూసి వద్దామని వెళ్లిన మనిషి మరుసటి రోజూ వెళ్లాడు, ఆ మరుసటి రోజూ వెళ్లాడు.

"ముప్పై ఏండ్లు సీసాల్లో సచ్చినోటిని తుడిసినా బిడ్డా" అన్నాడు నాతో, రహస్యం చెప్పిన రోజున. "ఈడ అవి బతికుండాయి. సూసినంక కాళ్లు నిలబల్యా."

ఆయన నాకు చెప్పక తప్పలేదు. నీళ్ల పరీక్షల లెక్కలు రాసిపెట్టడానికి ఆయనకు ఒక మనిషి కావలసి వచ్చింది. అలా నేనూ వెళ్లడం మొదలుపెట్టాను. గేటు దాటగానే ఆయన చొక్కా విప్పి సంచిలో పెట్టి, బనియను మీద ఉండేవాడు. కాలేజీలో ఆయన్ని యోబుగారూ అనేవాళ్లు, సంఘంలో యోబయ్యా అనేవాళ్లు. ఇక్కడ ఆయనకన్నా ఇరవై ఏళ్లు చిన్నదైన వసుంధరమ్మ "ఏం యోబూ, వచ్చినావా?" అనేది. చెడ్డ మనిషి కాదు. ఆ పిలుపు ఆమెకు ఆస్తితో పాటు వచ్చింది, అంతే. "వచ్చినానమ్మా" అని ఆయన తొట్టి ముందు గొంతు కూర్చునేవాడు. ఆ తర్వాత ఆయనకు ఎవరు ఎలా పిలిచినా వినపడేది కాదు.

ఆయన చూపంతా ఇసుక మీదే. అది మన పెన్నా ఇసుక కాదు. పగడపు గుట్టలు అరిగి పొడైన ఇసుక, చక్కెరంత సన్నం. తొట్టి అడుగున బెత్తెడు పైగా మందాన పరిచి ఉండేది. చూసేవాళ్లకు చేపలు కనిపిస్తాయి, నిజానికి ఆ తొట్టిని బతికించేది అడుగునున్న ఇసుకేనని ఆయన చెప్పేవాడు. తిండి మిగిలినా, చేపల మురికి పడినా అన్నీ అందులోకే దిగుతాయి. పై పొరలో గాలి తగిలే చోట కొన్ని క్రిములు వాటిని విరగ్గొడతాయి, గాలి అందని లోతులో మరికొన్ని మిగతా పని చేస్తాయి. అద్దం పక్కన కూర్చుని చూస్తే ఇసుకలో పొరలు కనిపించేవి, పైన తెలుపు, కింద గోధుమ, ఆ కింద పాకుడు పచ్చ, అక్కడక్కడా చిన్న బుడగలు. ఆయన వారానికి ఆ ఇసుకలో ఒక పావు వంతు మేర మాత్రమే తీసుకుని, గొట్టంతో పైపైన మురికి లాగేవాడు. వేలి మొన లోతు దాటేవాడు కాదు. "మన సేన్లో గుంటక తోలినట్ల పైపైన పోవాల. మడక కట్టి దున్నితే అంతా సస్తాది" అనేవాడు. ఇసుకలో దాక్కునే చిన్న నత్తలుండేవి. తిండి వాసన తగలగానే అవన్నీ ఒక్కసారి ఇసుకను చీల్చుకుని పైకి లేచేవి. వాటిని ఆయన కూలోళ్లు అనేవాడు. అవి లేవని రోజు ఆయన ముఖం చూడలేకపోయేదాన్ని.

కడప ఎండాకాలానికి నీళ్లు ఆవిరై రోజూ రెండు బిందెలు తగ్గిపోయేవి. ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది కాబట్టి మంచినీళ్లే, అదీ శుద్ధి చేసినవే, బొట్టుబొట్టుగా పోయాలి. మధ్యాహ్నాలు కరెంటు పోతే ఇన్వర్టరు కాసేపు లాగి నిలిచిపోయేది. నీళ్లు కదలకపోతే ఇసుకకు ఊపిరి అందదు. ఆ వేసవి మొదట్లోనే తొట్టి వెనక మూల, రాళ్ల కింద, ఇసుకలో నల్లటి మచ్చ ఒకటి కనిపించింది. రూపాయి బిళ్లంత. వారం తిరిగేసరికి అరచేయంత అయింది. పెద్దనాయన అద్దం మీద పెన్నుతో దాని అంచు గీసి, రోజూ ఆ గీత దాటిందా లేదా చూసుకునేవాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. లోపల కుళ్లి విషపుగాలి పుట్టింది, దాన్ని కదిలించకుండా పైన నీటి కదలిక పెంచి, తిండి తగ్గించి, మెల్లగా తగ్గేదాకా ఓపిక పట్టాలన్నాడు. తాను మాత్రం ఆ మూల రాళ్లు సర్దబోయి వేలు కోసుకున్నాడు. కుడిచేతి చూపుడు వేలు. గవ్వ అంచు తగిలిందేమో, బియ్యపు గింజంత గాటు. నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్లీ చేయి నీళ్లలో పెట్టాడు.

మూడు వారాల తర్వాత ఆ గాటు ఉన్న చోట ఎర్రటి గడ్డ లేచింది. నొప్పి పెద్దగా లేదు. పెద్దమ్మ పసుపు పెట్టింది, వేపాకు కట్టింది. అది మానలేదు. వేలు బిగుసుకుని రొట్టె పళ్లెం పట్టుకోవడం కష్టమైంది. మా సంఘానికే చెందిన డాక్టరు ఒకాయన చూసి, కీలు వాతమని సూది వేశాడు. ఆ సూది తర్వాతే గడ్డ ఎదిగింది. మణికట్టు పైన రెండోది, దానిపైన మూడోది, తాడు మీద ముడులు వేసినట్టు వరసగా మోచేతి వైపు. పెద్దనాయన ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు.

శ్రమల దినాల్లో, ఈస్టరుకు ముందు, చెన్నై నుంచి పగడాలు తెచ్చే సెల్వం వచ్చాడు. పెద్దనాయన నీళ్లు తేవడానికి వెనక్కి వెళ్లినప్పుడు అతను నన్ను పక్కకు పిలిచాడు. "ఏమ్మా, పెద్దాయన చెయ్యి చూశాను. పుండున్న చెయ్యి తొట్టిలో పెట్టకూడదని చెప్పండి. మా దగ్గర ఒకతనికి ఇలాగే వేలి నుంచి మోచెయ్యి దాకా గడ్డలు వచ్చాయి. డాక్టర్లు ఏవేవో అనుకున్నారు. ఉప్పునీళ్ల తొట్టిలో పని చేస్తాడని చెప్పాకే సరైన మందు దొరికింది. ఈ నీళ్లలో ఒక క్రిమి ఉంటుందమ్మా. చెప్పకపోతే ఎవరూ కనిపెట్టలేరు."

ఇంటికి నడుస్తూ దారిలోనే ఆ మాట పెద్దనాయనకు చెప్పాను. ఆయన రోడ్డు పక్కన నిలబడిపోయాడు.

"డాక్టరుకు ఏమని సెప్పాల? మా నాయన జీతముండిన ఇంట్లో నేను తొట్టి కడుగుతాండా అని సెప్పాల్నా? ఆయప్ప మన సంఘపోడే. ఆదివారానికంతా అందురికీ తెలుస్తాది."

"వేరే డాక్టరుకు చెబుదాం పెద్దనాయనా."

"వద్దు. తగ్గుతాది. నువ్వు ఎవురికీ సెప్పొద్దు. మీ పెద్దమ్మకు గూడా. నా మీద పెట్టి మాటియ్యి."

మాట ఇచ్చాను. ఆయన మీద గౌరవంతో ఇచ్చానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. ఆ తొట్టి నాకు కూడా ఇష్టమైపోయింది. విషయం బయటపడితే ఆయనా మానేయాలి, నేనూ మానేయాలి. పొద్దున్నే ఆ నీలి వెలుతురు ముందు కూర్చోకపోతే ఆ ఎండల్లో, ఆ రెండు గదుల్లో నా రోజు గడిచేది కాదు. ఇంతకుమించి నా దగ్గర కారణం లేదు.

ఎండలు ముదిరాక ఒక రోజు పెద్దనాయనకు జ్వరం వచ్చింది. చేయి మోచేతి దాకా వాచింది. "ఈ దినం నువ్వు పో. నీళ్లు పోసి, అద్దం తుడిసి వచ్చేయి. ఆ మూల జోలికి మాత్రం పోవద్దు" అన్నాడు. నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో హడావిడిగా ఉంది. వసుంధరమ్మ కొడుక్కి సంబంధం కుదిరి, ఆడపిల్ల వాళ్లు ఆ మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. ఆమె తొట్టి ముందు నిలబడి ఉంది.

"ఆ నలుపు తీసెయ్యి పాపా. వచ్చినోళ్లు సూస్తే ఏమనుకుంటారు?"

"పెద్దనాయన కదిలించొద్దన్నాడమ్మా."

"యోబుకు నేను సెప్తాలే. తొట్టి ఎవరిదిమ్మే?"

ఆమె గొంతులో కోపం కూడా లేదు. అయినా నా చేయి దానంతటదే గొట్టం అందుకుంది. మా తాతల నాటి అలవాటేదో నాలో మిగిలి ఉందని ఆ క్షణంలో తెలిసింది. గొట్టాన్ని ఆ మూల ఇసుకలోకి అడుగు గాజు తగిలేదాకా దించి తిప్పాను. ముందు నల్లటి పొగలాంటిది లేచింది. తర్వాత వాసన. మురిగిన కోడిగుడ్లు వంద పగలగొట్టినట్టు. అది గొంతులోకి దిగి నాలుక మీద కూర్చుంది. గొట్టం తీసేశాను కానీ ఆ నలుపు ఆగలేదు, పగడాల మీదుగా మెల్లగా ముందుకు వచ్చింది. ఇసుకలోంచి నేను ఎన్నడూ చూడని పురుగులు, వేలెడంత పొడవువి, బయటికి వచ్చి అద్దం మీద పాకాయి. నత్తలన్నీ ఒక్కసారి పైకి లేచాయి, తిండి కోసం కాదు. చేపలు నీటి పైకి చేరి నోళ్లు తెరిచాయి. పన్నెండు కాకముందే పసుపు చేప పక్కకు ఒరిగింది. ఉప్పు కలిపి ఉంచిన నీళ్లు రెండు డబ్బాలు పోశాను. ఏమీ మారలేదు.

వసుంధరమ్మ నన్ను తిట్టలేదు. పనిమనిషిని పిలిచి బీరువాలోంచి పెద్ద దుప్పటి తెప్పించి తొట్టి మీద కప్పించింది. హాలు నాలుగు మూలలా అగరొత్తులు వెలిగించింది. వియ్యాలవారు వచ్చారు, పక్కగదిలో భోజనాలు చేశారు, నవ్వుకున్నారు. నేను వంటింట్లో నిలబడి, దుప్పటి కింద మోటారు గరగరమనడం వింటూ ఉన్నాను. వచ్చినవాళ్లలో ఒక ముసలావిడ మాత్రం వెళ్లేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏందో సచ్చినట్లుండాది వదినా ఈడ" అంది. వసుంధరమ్మ "ఎలకేమోలే" అంది.

ఇంటికి వచ్చి చెప్పాను. పెద్దనాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "అడుగుదాకా పోయినావా?" అన్నాడు. "పోయినా" అన్నాను. మరునాటి పొద్దున జ్వరంతోనే లేచి, చొక్కా వేసుకుని, ల్యాబు సీసా ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లాడు. తొట్టి పైన తెల్లటి నురగ కట్టి, పగడాల పైకండ కరిగి జారిపోయి ఉంది. ఆయన ఆ వాచిన చేత్తోనే వెనక మూల ఇసుక తోడి సీసాలో నింపాడు. ఎందుకని అడిగితే, "ఎవురన్నా అడిగితే సూపీడానికి" అన్నాడు. ఎవరూ అడగలేదు. నాలుగు రోజుల్లో చెన్నై నుంచి మనుషులు వచ్చి తొట్టి ఎత్తుకుపోయారు. ఆ స్థలంలో సోఫా వేశారు.

తొట్టి పోయింది కాబట్టి చేయి కూడా బాగవుతుందని నేను అనుకున్నాను. కాలేదు. గడ్డలు చితికి రసి కారాయి. ఆదివారం ప్రభురాత్రి భోజనంలో రొట్టె అందుకోవడానికి వచ్చినవాళ్లు ఆయన చేతివైపు చూసి ఒక అడుగు వెనక్కి వేయడం నేను చూశాను. గుడి మెట్ల దగ్గర ఎవరో ఆడమనిషి, కుష్టు అనే మాట పలక్కుండా, "పెద్దరోగమేమో మే" అనడం పెద్దమ్మ చెవిన పడింది. ఆ ఆదివారం ఆమె ఇంటికి వచ్చి సంగటి వండలేదు. ఆ తర్వాతి ఆదివారం పెద్దనాయన పళ్లెం ఇంకొకరికి ఇచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. అప్పుడూ నేను నోరు తెరవలేదు.

వానలు పడ్డాక ముగ్గురం కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లాం. మైదుకూరు, ఆళ్లగడ్డ మీదుగా బస్సులో ఆయన ఆ చేతిని తువ్వాలులో చుట్టి పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ గడ్డల వరసను వేలితో గాలిలో గీస్తూ చాలాసేపు చూసింది.

"పెద్దాయనా, మీరేం పని చేస్తారు?"

"రిటైరయినానమ్మా."

"ఇప్పుడేమైనా చేస్తున్నారా? తోటపని, చేపల పని?"

"ఏం ల్యా. ఇంట్లోనే ఉంటాండా."

ఆమె రాసుకుంటోంది. పెన్ను కాగితం మీద కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఉప్పునీళ్ల చేపల తొట్టిలో పని చేసేవాడు" అన్నాను. "రోజూ. ఇసుకలో చేతులు పెట్టి. అక్కడే వేలు తెగింది." పెద్దమ్మ నావైపు తిరిగింది. "యాడ తొట్టి? ఎవురింట్లో?" అంది. చెప్పాను. పెద్దనాయన కళ్లు మూసుకున్నాడు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "వేలు తెగి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. "నాలుగు నెలలు" అన్నాను. "ముందే చెప్పుంటే బాగుండేది" అంది, ఎవర్ని అంటోందో తెలియకుండా.

ముక్క తీసి పరీక్షకు పంపారు. సెల్వం చెప్పిన క్రిమే. క్షయకు వాడే రకం మాత్రలే నెలల తరబడి మింగాడు. మూత్రం ఎర్రగా వచ్చిందని పెద్దమ్మ హడలిపోతే అది మందు రంగేనని చెప్పారు. చేయి మిగిలింది. చూపుడు వేలికి మాత్రం క్రిమి ఎముక దాకా దిగింది. మొదలుకంటా తీసేశారు. రెండు మూడు నెలల ముందు వచ్చుంటే వేలు కూడా ఉండేదని డాక్టరమ్మ నాతో ఒక్కదానితోనే అంది.

ఈ రోజుల్లో ఉప్పునీళ్ల తొట్టి పెట్టుకునే పిల్లలకు ఇవన్నీ ముందే తెలుసు. మోచేతి దాకా తొడుగు వేసుకోకుండా ఇసుకను ముట్టుకోరు. అనుమానం వస్తే ఫోను తీసి వెతుకుతారు. మా తమ్ముడి కూతురు, సీసా పూడ్చాక, పెరటి మెట్ల మీద కూర్చుని రెండు నిమిషాల్లో ఆ జబ్బు పేరు, ఫొటోలు, మందులు అన్నీ చూపించింది. "అప్పుడు ఎవరికీ తెలియదు కదా అత్తా, పాపం" అంది. ఆ రోజుల్లో కడపలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే ఉన్నారని, ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే సంగటి తింటూ ఉన్నామని ఆమెతో చెప్పలేకపోయాను. సిగ్గుకు మాత్రం ఏ కాలంలోనూ ఫోనులో మందు ఉండదు. ఇప్పుడు కూడా ఎవరి ఇంట్లోనైనా ఒక పెద్దమనిషి ఎండాకాలంలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని కనిపిస్తే నా చూపు ముందు ఆ చేతుల మీదికే పోతుంది.

మాత్రలు అయిపోయిన తర్వాతి ఆదివారం పెద్దనాయన సాక్ష్యం చెబుతానని సంఘం ముందు నిలబడ్డాడు. నాలుగు వేళ్ల చేతిని పైకెత్తాడు. "నేను మీకు అబద్ధం సెప్పినా. కాలేజీకి పోతాండానని సెప్పి, మా నాయన జీతముండిన వాళ్లింటికి పోయినా. ఎవురూ బలవంతం జేయల్యా. నాకు ఇష్టమై పోయినా. ఆ సిగ్గుకే డాక్టరుకు సెప్పకుండా దాసినా. దేవుడు ఒక్క వేలు మాత్రం తీసుకున్యాడు" అన్నాడు. ఆయన ఆ చేతిని దించి, ఆడవాళ్ల వరసలో నన్ను చూశాడు.

"మా బిడ్డ ఎస్తేరుకు సంగతి తెలిసింది. తెలిసిన దినమే డాక్టరుకు సెప్పింది. ఆ బిడ్డ నోరు తెరిసింది గాబట్టే ఈ సెయ్యి మిగిలింది."

అందరూ నావైపు తిరిగారు. పక్కనున్న ఆవిడ నా భుజం నిమిరింది. అన్ని అబద్ధాలూ ఒప్పుకోవడానికి నిలబడిన మనిషి, నా కోసం ఒక్కటి మాత్రం ఉంచేశాడు. నేను లేచి నిలబడి, లేదు, తెలిసి మూడు నెలలు దాచాను, అని చెప్పడానికి ఆయన నాకు కావలసినంత సేపు ఆగాడు. ఆ తర్వాత సంఘమంతా "స్తోత్రం" అంది. తల వంచుకుని నేనూ అన్నాను.